తాత్కాలికం

సంతపేట సందులో మా వర్క్‌షాపు.
జూన్ నెల. బయట తోతాపురి ట్రాక్టర్లు
గుజ్జు ఫ్యాక్టరీ దారి పట్టి
హారన్లతో ఒకదాన్నొకటి తిట్టుకుంటా ఉండాయి.
లోపల బెంచీ మీద
మూత ఊడదీసిన సిగ్నల్ జనరేటరు.
ఇరవై ఆరు స్క్రూలు
టీ సాసర్లో.

దీని పని అరవడం కాదు,
గుసగుసను తూకమేసి ఇవ్వడం.
పోలీసు జీపులోని వైర్‌లెస్ సెట్టు
ఎంత సన్నటి మాటను పట్టుకోగలదో తెలియాలంటే
అంత సన్నగా, అబద్ధం లేకుండా
మాట్లాడేదొకటి ఉండాలి కదా.

అందుకే ఈ ఇత్తడి డబ్బీ, అటెన్యుయేటరు.
పది, ఇరవై, నలభై డెసిబెల్స్,
మెట్టుకొక రిలే, రిలేకొక టిక్కు.
చెంగల్రాయులు సారు అనేవాడు:
"గట్టిగా మాట్లాడేది ఎవురైనా చేస్తారు రెడ్డెమ్మా,
లెక్కగా తగ్గేదే కష్టం."

పది నొక్కితే పది తగ్గింది.
ఇరవైకి ఇరవై.
నలభై నొక్కితే టిక్కు మాత్రం బాగానే అనింది,
తగ్గింది ముప్పై అయిదున్నర.

నాలుగున్నర డెసిబెల్స్ అబద్ధం.
వినేవాళ్లకు తెలిసేంత పెద్దది కాదు.
కానీ బుధవారం నుంచి
ఈ బెంచీ మీద పాసైన పదకొండు సెట్లలో
ఎన్నిటికి చెవుడో ఇప్పుడెవరు చెప్పాల?

బుధవారం. వేలాయుధం.
కొత్త పిల్లోడు, కేబులు తీయకుండానే
మైకు మీట నొక్కినాడు.
ఇరవై అయిదు వాట్లు
గుసగుసలు పుట్టే నోట్లోకి ఎదురెక్కినాయి.
"నీ బొటనవేలికి బుద్ధి లేదా" అన్నాను,
అందరి ముందరా.
వాడు మూడు రోజులుగా క్యారేజీ విప్పి
మూత పెట్టేస్తా ఉండాడు.

నలభై మెట్టు విప్పితే చివరి రెసిస్టరు నల్లగా.
అరవై ఒక్క ఓములు ఉండాల్సిన చోట
మీటర్లో అంకె లేదు, గీతలే.
సరే, కాలింది. కాలనిచ్చింది ఎవరు?

వెనక నుంచి ఎవరైనా అరిస్తే
దారి తెంచేయడానికి ఒక కాపలా ఉంది లోపల.
డయోడు వింటుంది, కంపారేటరు తేలుస్తుంది,
రిలే వదిలేస్తుంది.
డయోడు దగ్గర కాసిని వోల్టులు పెట్టి చూసినా.
ఎర్ర లైటు వెలిగింది. రిలే టక్కుమనింది.
ఏ తప్పూ లేదు.
కరెంటు పోయింది, వచ్చింది.
మళ్లీ పెట్టినా. మళ్లీ టక్కు.
తోచక కాంటాక్టుల మధ్య మీటరు ఆనిస్తే
తెగిన దారిలో
సున్నా ఓములు.

బోర్డు తిరగేసినా.
అడుగున, రెండు కాళ్లనూ కలుపుతా
వెంట్రుకంత రాగి వైరు.
దాని రెండు కొసల్లో సోల్డరు బొట్లు,
ఎడమ పక్కకి కొంచెం తోక తిరిగి.

నా చేతిరాత నేను పోల్చుకోలేనా.

పాత లాగ్‌బుక్కు అటక మీద దొరికింది.
పదకొండేండ్ల కిందటి పేజీ, మసాలా మరక:
'రిలే కాంటాక్టు వదులు. జాతర బందోబస్తు సెట్లు
రేపటికి పోవాల. తాత్కాలికంగా వైరు వేసినాను.
కొత్తది వస్తానే తీసేయాల. రె.'
కొత్తది వచ్చింది కూడా.
సొరుగులో, ప్లాస్టిక్కు చించకుండా,
పాత బ్యాటరీల కింద ఉండాది.

వైరు తీసినా. రిలే మార్చినా.
రెసిస్టరు వేసి నలభై నొక్కితే
నలభై.
బంగారుపాళ్యానికి, పలమనేరుకి ఫోన్లు చేసి
సెట్లు వెనక్కి పంపమన్నా.
ఎందుకని వాళ్లు అడగలేదు,
నేను చెప్పలేదు.

వేలాయుధం గుమ్మం దగ్గర కేబుళ్లు చుడతా ఉండాడు.
పోయి పక్కన నిలబడినా.
నోరు తెరిచినా. ఎంత తగ్గి చెప్పాల్నో
ఏ మెట్టూ తోచలేదు.
వైరు ముక్కను వాడి అరచేతిలో పెట్టినా.

"ఇదేంది మేడం?" అన్నాడు.